నాన్న మంకీ క్యాప్... అలబామా కేసు!

మా నాన్నకి అలారం అక్కర్లేదు. నంద్యాలలో ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామున అయిదున్నరకల్లా ఇంట్లోంచి బయటపడి, ఊరంతా ఒక చుట్టు చుట్టి, వస్తూ వస్తూ పాల ప్యాకెట్ తెచ్చే మనిషి. మొన్న డిసెంబర్‌లో, మా పాపకి రెండో నెల వచ్చాక, అమ్మానాన్నలు డాలస్ దగ్గర మేముండే సబర్బ్‌కి వచ్చారు. మూడు రోజులు జెట్‌లాగ్. నాలుగో రోజు పొద్దున కాఫీ పెడదామని నేను కిందికి దిగేసరికి నాన్న లేడు. షూస్ లేవు. తలుపు లాక్ తీసి ఉంది.

ఫోన్‌లో డోర్‌బెల్ కెమెరా తెరిచి చూశాను. ఆరుంపావుకి బయటికి వెళ్లాడు. నెత్తిన మంకీ క్యాప్, ఒంటిమీద నా పాత నల్ల హుడీ, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. మన ఊళ్లో అయితే ఎవరైనా "ఏం సార్, వాకింగా?" అని పలకరించే ఫోజు.

అరగంటకి వచ్చాడు. మహా హుషారు.

"ఏమిరా, ఈ ఊర్లో మనుషులే లేరే! అన్నీ ఇండ్లే. ఒగ ఇంటి ముందర గాలి నింపిన శాంటాక్లాజ్ బొమ్మ ఎంత పెద్దది పెట్టినారో! గ్యారేజీ దాకా పోయి చూస్తి."

"గ్యారేజీ దాకానా?"

"చూస్తే ఏమైతాది? పైన కిటికీలోంచి ఒగామె చూస్తాండె. నేను చెయ్యి ఊపితి."

నేను నవ్వేశాను. ఆ రోజు ఆఫీస్ చాట్‌లో ఇదే జోక్‌లా పెట్టాను కూడా. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. మా టీమ్‌లో ఒక గుజరాతీ సీనియర్ మాత్రం నవ్వలేదు. విడిగా ఒక మెసేజ్ పంపాడు. "సురేష్‌భాయ్ పటేల్, అలబామా అని వెతుకు. వెతికాక మీ నాన్నతో మాట్లాడు."

వెతికాను. ఆ రాత్రి పాప రెండుసార్లు లేచింది. నేను అసలు పడుకోలేదు.

ఇంటి నంబర్ 148

2015 ఫిబ్రవరి 6. అలబామా రాష్ట్రంలో మాడిసన్ అనే ఊరు. హంట్స్‌విల్ పక్కనే. నాసా రాకెట్ సెంటర్ ఉండటం వల్ల ఆ చుట్టుపక్కల ఇంజనీర్లు ఎక్కువ. గుజరాత్‌లోని పీజ్ అనే ఊరి నుంచి సురేష్‌భాయ్ పటేల్ అక్కడికొచ్చి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. వయసు 57. వ్యవసాయం చేసుకునే మనిషి. కొడుకు అక్కడ ఇంజనీర్. పదిహేడు నెలల మనవణ్ని చూసుకోవడంలో సాయంగా ఉండటానికి వచ్చారు. ఇంగ్లీష్ రాదు.

పొద్దున్నే నడకకి బయల్దేరారు. కాలనీలో ఇళ్లు చూసుకుంటూ, ఆగుతూ నడుస్తున్నారు. ఒకాయన పోలీసులకి ఫోన్ చేశాడు. సన్నగా ఉన్న నల్లజాతి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, ఇళ్ల గ్యారేజీల దగ్గర తచ్చాడుతున్నాడు, ఇంతకుముందెప్పుడూ చూడలేదు, నా భార్యని ఇంట్లో వదిలి వెళ్లాలంటే భయంగా ఉంది అని. నెత్తిన 'టొబాగన్' ఉందని కూడా చెప్పాడు. అంటే ఏంటో అని చూస్తే, అలబామా వైపు ఉన్ని టోపీని అలా అంటారట. మన మంకీ క్యాప్‌కి చుట్టమే. ఇది చదివినప్పుడు నా పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు.

ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకరు ట్రైనీ, రెండోవాడు ఎరిక్ పార్కర్. ఆ ట్రైనీకి పని నేర్పేది ఆయనే. ఎక్కడికి వెళ్తున్నావని అడిగారు. పటేల్ "నో ఇంగ్లీష్" అన్నారు. "ఇండియా" అన్నారు. కొడుకు ఇంటి నంబర్ 148 చెప్పి, అటువైపు వేలు చూపించారు. తన దగ్గరున్న సమాధానం మొత్తం అదే. అది నిజం కూడా. 148 అక్కడికి దగ్గర్లోనే ఉంది.

ఒంటిమీద ఆయుధాలేమైనా ఉన్నాయా అని తడుముతూ, పార్కర్ ఆయన చేతులు రెండూ వెనక్కి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడే కాలు అడ్డం పెట్టి ముందుకి పడేశాడు. చేతులు వెనక ఉన్నాయి కాబట్టి ఆనుకోవడానికి ఏమీ లేదు. ముఖం నేరుగా నేలకి తగిలింది. పోలీస్ కారు డ్యాష్‌బోర్డ్ కెమెరాలో ఇదంతా రికార్డయింది. తర్వాత వాళ్లు ఆయన్ని లేపి నిలబెట్టాలని చూస్తారు. కాళ్లు నిలబడవు. మళ్లీ లేపుతారు. మళ్లీ అంతే. వెన్నెముక మెడ దగ్గర దెబ్బతింది. ఆపరేషన్ చేసి ఎముకలు అతికించాల్సి వచ్చింది. శరీరం కొంత భాగం చచ్చుబడింది.

పోలీస్ డిపార్ట్‌మెంట్ మొదట ఇచ్చిన ప్రకటన చదివితే ఇంకోలా ఉంటుంది. అనుమానితుడు చేతులు జేబుల్లో పెట్టుకోబోయాడు, తడుముతుంటే విడిపించుకోబోయాడు, కిందకి నెట్టాల్సి వచ్చింది, గాయమైంది. ఇంతే. వీడియో లేకపోతే ఈ కథ ఆ మూడు నాలుగు వాక్యాల దగ్గరే ముగిసిపోయేది.

వీడియో ఉంది కాబట్టి అలా జరగలేదు. వారం తిరక్కముందే పోలీస్ చీఫ్ ప్రెస్ ముందుకొచ్చి క్షమాపణ చెప్పారు. పార్కర్‌ని అరెస్ట్ చేశారు. అలబామా గవర్నర్ భారత ప్రభుత్వానికి విచారం తెలుపుతూ ఉత్తరం రాశారు. మార్చిలో ఫెడరల్ కేసు కూడా పెట్టారు. ఇక శిక్ష ఖాయం అనుకుంటాం కదా? నేనూ అలాగే అనుకుని చదువుకుంటూ పోయాను.

వీడియో ఒకటే... కోర్టులు రెండు

2015లోనే రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఈ దేశానికొస్తే ఇక్కడి చట్టాలు పాటించాలి, ఇక్కడి భాష మాట్లాడాలి అని పార్కర్ తరఫు లాయర్ కోర్టులోనే వాదించాడు. 2016 జనవరిలో జడ్జి మాడలిన్ హైకాలా, మూడోసారి విచారణ అక్కర్లేదంటూ పార్కర్‌ని నిర్దోషిగా వదిలేశారు. తర్వాత రాష్ట్రం పెట్టిన కేసు కూడా కొట్టేశారు. ఆయన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు.

వీడియోలో అంత స్పష్టంగా ఉంటే నిర్దోషి ఎలా అయ్యాడు? రాత్రి రెండింటికి నాకొచ్చిన డౌట్ అదే. సమాధానం దొరికాక ఈ సబ్జెక్ట్ మొత్తం అర్థమవడం మొదలైంది.

క్రిమినల్ కేసులో కోర్టు అడిగే ప్రశ్న, ఆ పోలీసు మనసులో ఏముంది అని. ఎదుటివాడి హక్కుని కావాలనే, తెలిసే తొక్కేశాడని నిరూపించాలి. అదీ సందేహానికి తావు లేకుండా. 'నా బ్యాలెన్స్ తప్పింది', 'అతను గింజుకున్నాడు' అని పోలీసు అంటే, పన్నెండు మందిలో ఒక్కరికి అది నిజమేమో అనిపించినా చాలు, శిక్ష పడదు. మనసులో ఏముందో డ్యాష్‌క్యామ్ రికార్డ్ చేయదు కదా.

పటేల్ కుటుంబం ఈ లోపల ఇంకో తలుపు కూడా తట్టింది. పౌరహక్కుల కింద సివిల్ దావా. ఘటన జరిగిన వారానికే వేశారు. ఈ కోర్టు అడిగే ప్రశ్న వేరు. ఆయన మనసుతో నాకు పనిలేదు, ఆ పరిస్థితుల్లో తెలివున్న పోలీసు ఎవరైనా అలా చేస్తాడా? అంతే. నిరూపించే కొలత కూడా తక్కువ. తక్కెడలో మన వైపు కాస్త మొగ్గితే చాలు.

ఈ దావాకి ఆధారమైన చట్టం పేరు సెక్షన్ 1983. అది సంవత్సరం కాదు, సెక్షన్ నంబర్. చట్టం చేసింది 1871లో. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో కూ క్లక్స్ క్లాన్ ముఠాలు నల్లజాతి వాళ్లని చంపుతుంటే, ఊళ్లో షెరీఫ్‌లు కళ్లు మూసుకున్నారు. కొన్నిచోట్ల ఆ ముఠాల్లో వాళ్లే ఉన్నారు. రాష్ట్రంలో న్యాయం దొరకనప్పుడు బాధితులు నేరుగా ఫెడరల్ కోర్టుకి రావచ్చని అప్పటి కాంగ్రెస్ చట్టం చేస్తే, ప్రెసిడెంట్ గ్రాంట్ సంతకం పెట్టాడు.

ఆ తర్వాత తొంభై ఏళ్లు అది దాదాపు నిద్రపోయింది. లేపింది షికాగోలో ఒక నల్లజాతి కుటుంబం. 1958లో ఒక తెల్లవారుజామున వారంట్ లేకుండా 13 మంది పోలీసులు జేమ్స్ మన్రో ఇంట్లోకి చొరబడ్డారు. భార్యాభర్తల్ని పిల్లల ముందు బట్టల్లేకుండా హాల్లో నిలబెట్టారు. ఇల్లంతా చిందరవందర చేశారు. ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్లి పది గంటలు ఉంచి, ఏ కేసూ లేకుండా వదిలేశారు. 1961లో సుప్రీంకోర్టు, ఆ పోలీసుల మీద ఈ పాత చట్టం కింద దావా వేయొచ్చని తేల్చింది. ఇప్పుడు అమెరికాలో పోలీసుల మీద ఏటా పడే వేల దావాలన్నిటికీ దారి వేసింది ఆ ఇల్లే.

'తెలివున్న పోలీసు' అనే కొలత వచ్చింది ఇంకో నల్లజాతి మనిషి వల్ల. 1984, నార్త్ కరోలినాలో షార్లెట్. డెథోర్న్ గ్రాహమ్ అనే షుగర్ పేషెంట్‌కి ఇన్సులిన్ వల్ల కళ్లు తిరుగుతున్నాయి. ఆరెంజ్ జ్యూస్ కోసం ఫ్రెండ్‌తో షాపుకి వెళ్లాడు. క్యూ పొడవుగా ఉంది. ఆగలేక గబగబా బయటికొచ్చేశాడు. దొంగతనం చేసి వెళ్తున్నాడేమోనని ఒక పోలీసు కారు ఆపాడు. సంకెళ్లు వేశారు, కొట్టారు, పాదం ఎముక విరిగింది. ఎవరో జ్యూస్ తెచ్చినా తాగనివ్వలేదు. ఆ కేసులోనే 1989లో సుప్రీంకోర్టు, పోలీసు ఉద్దేశం మంచిదా చెడ్డదా అనేది అనవసరం, ఆ చర్య సహేతుకమా కాదా అన్నదే ముఖ్యం అంది. అదే తీర్పులో పోలీసులకో వెసులుబాటు కూడా ఇచ్చింది. తర్వాత తీరిగ్గా కూర్చుని చూసేవాళ్ల కళ్లతో కాకుండా, ఆ క్షణంలో అక్కడున్న పోలీసు కళ్లతో చూడాలంది. రెండువైపులా పదునున్న కత్తి అన్నమాట.

ఇక్కడో మాట చెప్పాలి. పటేల్ గారి వార్త వచ్చినప్పుడు మనవాళ్ల గ్రూపుల్లో తిరిగిన మాట ఏంటంటే, "పాపం, నల్లవాడనుకుని కొట్టారట". అనుకోవడం తప్పయినట్టు, కొట్టడం కాదన్నట్టు! కానీ పటేల్ కోర్టులో నిలబడటానికి వాడిన ప్రతి మెట్టూ నల్లజాతి వాళ్లు దెబ్బలు తిని కట్టినదే. నేను కూడా ఆ ఫార్వర్డ్‌లు చూసి ఊరుకున్నవాణ్నే. అప్పుడు నేను ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. అమెరికా వీసా తప్ప వేరే ధ్యాస లేదు.

ఈ బగ్ ఇంతకుముందు ఎవరైనా ఫైల్ చేశారా?

దావా వేయగానే విచారణ మొదలవదు. మధ్యలో ఒక పెద్ద గోడ ఉంది. దాని పేరు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ. ఇది కాంగ్రెస్ చేసిన చట్టంలో లేదు, కోర్టులే తయారు చేసుకున్న సూత్రం. 1967లో మొలకెత్తి, 1982లో ఇప్పటి రూపానికి వచ్చింది.

నా భాషలో చెప్తాను. ప్రొడక్షన్‌లో యాప్ క్రాష్ అయింది. అందరికీ కనిపిస్తోంది. మీరు టికెట్ వేశారు. మేనేజర్ అడుగుతాడు, "సరిగ్గా ఇలాంటి బగ్‌నే ఇంతకుముందు ఎవరైనా ఫైల్ చేసి, అది బగ్గేనని తేల్చారా? లేదా? అయితే డెవలపర్‌కి ఇది తప్పని ఎలా తెలుస్తుంది? టికెట్ క్లోజ్." కోర్టులో కూడా అంతే. హక్కు ఉల్లంఘన జరిగినా సరే, అది తప్పని అప్పటికే స్పష్టంగా తేలిన తీర్పు లేకపోతే పోలీసు బయటపడతాడు. దాదాపు అలాంటి పరిస్థితిలోనే వచ్చిన పాత తీర్పు చూపించమంటాయి కోర్టులు.

వినడానికి అతిగా ఉంది కదా. జార్జియాలో జరిగిన ఈ కేసు చూడండి. 2014లో పోలీసులు ఒకణ్ని వెంటాడుతూ ఒక ఇంటి పెరట్లోకి వచ్చారు. అక్కడ ఆడుకుంటున్న పిల్లల్ని నేలమీద పడుకోమన్నారు. పడుకున్నారు. ఆ ఇంటి పెంపుడు కుక్క అటుగా వస్తే ఒక డిప్యూటీ దాని మీద కాల్చాడు. గురి తప్పింది. మళ్లీ కాల్చాడు. ఆ తూటా పక్కనే పడుకునున్న పదేళ్ల పిల్లాడి మోకాలి వెనక దిగింది. తల్లి దావా వేసింది. 2019లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఇలాంటి పరిస్థితిలో ఇది తప్పని ముందే తేల్చిన తీర్పేదీ లేదు కాబట్టి డిప్యూటీకి ఇమ్యూనిటీ వర్తిస్తుందంది. కేసు అయిపోయింది.

ఆ అప్పీల్ కోర్టు పదకొండో సర్క్యూట్. అలబామా కూడా దాని కిందికే వస్తుంది. ఆ మరుసటి ఏడాదే పటేల్ కేసులో తీర్పు చెప్పింది కూడా అదే కోర్టు.

ఆ పేజీలు చదువుతున్నప్పుడు, ఫలితం తెలిసి కూడా, నాకు గుండె దడదడలాడింది. కోర్టు వీడియో చూసింది. గింజుకున్నాడని పోలీసు అంటున్నాడు, లేదని పటేల్ అంటున్నారు. ఎవరిది నిజమో జ్యూరీ తేల్చాలి. కానీ పటేల్ చెప్పేదే నిజమైతే, ఎదురు తిరగకుండా, చేతులు పట్టుబడి నిలబడ్డ మనిషిని అలా పడేయడం తప్పని ఎప్పుడో తేలిపోయింది, దానికి మా పాత తీర్పులే ఉన్నాయి, ఇమ్యూనిటీ లేదు అంది. 2020లో వచ్చిన తీర్పు ఇది. మరుసటి ఏడాది కేసు 17.5 లక్షల డాలర్లకు రాజీ అయింది. 2015లో తప్పటడుగులేసే మనవడికి అప్పటికి ఏడేళ్లు.

జ్యూరీ తీర్పు లేదు. 'నేను తప్పు చేశాను' అన్న ఒప్పుకోలు లేదు. ఉన్నదల్లా ఆ అప్పీల్ తీర్పు, ఆ డబ్బు. అయితే ఒకటి. తీర్పు అచ్చులో ఉండిపోయింది. రేపు అలబామాలోనో, జార్జియాలోనో, ఫ్లోరిడాలోనో ఇంకెవరినైనా ఇలాగే పడేస్తే, 'ఇలాంటి తీర్పు ముందేమైనా ఉందా' అని కోర్టు అడిగితే, ఉంది అని చూపించడానికి ఇప్పుడొక పేరుంది. టికెట్ ఫైలయింది.

చెక్కు ఎవరు రాస్తారు?

పోలీసు జేబులోంచి మాత్రం కాదు. యూసీఎల్ఏ లా ప్రొఫెసర్ జోవానా ష్వార్ట్జ్ 2006 నుంచి 2011 వరకు దేశంలోని పెద్ద పోలీస్ విభాగాలు, కొన్ని చిన్నవి తీసుకుని లెక్కలు కట్టారు. బాధితులకి అందిన మొత్తంలో పోలీసులు సొంతంగా కట్టింది 0.02 శాతం. అంటే పదివేల డాలర్లలో రెండు డాలర్లు. మిగతాదంతా నగరాలో, వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీలో కట్టాయి. జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి 2021లో మినియాపొలిస్ నగరం ఇస్తామన్న 2 కోట్ల 70 లక్షల డాలర్లు కూడా నగరం డబ్బే. అంటే నాలాంటి పన్ను కట్టేవాళ్లది.

తప్పు చేసినవాడికి తగలని జరిమానా ఏం జరిమానా? ఈ ప్రశ్న నాకింకా తీరలేదు. కానీ ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి కేసు గుర్తొచ్చినప్పుడల్లా, ఆ డబ్బు అంకె ఒక్కోసారి డబ్బు కాదేమో అనిపిస్తుంది. 2023 జనవరి 23న సియాటెల్‌లో రోడ్డు దాటుతున్న ఆ 23 ఏళ్ల అమ్మాయిని పోలీస్ కారు గుద్దింది. 25 మైళ్ల స్పీడ్ లిమిట్ ఉన్నచోట కారు 74 మైళ్ల వేగం అందుకుంది. ఇది చెయ్యి చేసుకున్న కేసు కాదు, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం. చట్టపరంగా దారి వేరు. కానీ ఇంకో ఆఫీసర్ ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్లకి ఒక చెక్కు రాసేస్తే సరి, ఆమె విలువ అంతంతమాత్రమే అన్నట్టు మాట్లాడింది అతని బాడీ కెమెరాలోనే రికార్డయింది. క్రిమినల్ కేసు పెట్టలేమని 2024లో ప్రాసిక్యూటర్ చేతులెత్తేశారు. ఆ నవ్విన ఆఫీసర్ ఉద్యోగం ఊడింది, తర్వాత కారు నడిపినవాడిదీ ఊడింది. కుటుంబం 2024 సెప్టెంబర్‌లో వేసిన దావాలో అడిగిన మొత్తం 11 కోట్ల డాలర్లు... ప్లస్ 11 వేలు. చివరి ఆ పదకొండు వేలు ఎందుకు కలిపారో వేరే చెప్పక్కర్లేదు.

"మా కోయిలకుంట్ల కేసు తెలుసునా నీకు?"

మర్నాడు నాన్నని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వీడియో చూపించలేదు. నాకు మనసొప్పలేదు. ఆయన భయపడతాడనుకున్నాను. వినేసి, "కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు తెలుసునా నీకు?" అన్నాడు.

తెలియదు. నాన్న పుట్టిన ఊరు కోయిలకుంట్లకి దగ్గరే. 1977 మే నెలలో అక్కడి సబ్‌జైల్లో ఉన్న చల్లా చిన్నపరెడ్డిని రాత్రిపూట బాంబులేసి చంపారు. కొడుకు రామకృష్ణారెడ్డి కూడా అదే జైల్లో ఉండి, గాయాలతో బయటపడ్డాడు. ప్రాణానికి ముప్పుందని ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. కుటుంబం ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేసింది. జైలు నడపడం సార్వభౌమ విధి, దానికి పరిహారం అడిగే హక్కు ఎవరికీ లేదన్నది ప్రభుత్వం. రాజు తప్పు చేయడు అనే పాత ఇంగ్లీష్ సూత్రమే. 1989లో మన హైకోర్టు ఆ వాదన కాదని లక్షా 44 వేలు ఇమ్మంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2000లో సుప్రీంకోర్టు కూడా, జీవించే హక్కు ముందు ఆ ఇమ్యూనిటీ నిలవదంది.

"ఇరవై మూడేండ్లు పట్టె," అన్నాడు నాన్న. "బాంబులు పడినప్పుడు నేను తొమ్మిదో తరగతి. తీర్పొచ్చేనాటికి నువ్వు బడికి పోతాంటివి."

మన దగ్గర సెక్షన్ 1983 లాంటి ప్రత్యేక చట్టం లేదు. రిట్ పిటిషన్ల దారిలో పరిహారం వస్తుంది. ఒరిస్సాలో పోలీసులు తీసుకెళ్లిన 22 ఏళ్ల కొడుకు శవం రైలు పట్టాల మీద దొరికితే, నీలబతి బెహెరా అనే తల్లి సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. 1993లో కోర్టు ఆమెకి లక్షన్నర ఇప్పించింది. ఆ తీర్పే ఇప్పటికీ మన దగ్గర చాలామందికి ఆధారం.

"మరి నేను విజిటర్ వీసా మీద వచ్చినోణ్ని. నన్ను తోసేస్తే నాకేం హక్కురా ఈడ?" అన్నాడు నాన్న నవ్వుతూ.

ఇది నేను వెతికి పెట్టుకున్నాను. 1871 నాటి ఆ చట్టంలో పౌరులు అని ఆపేయలేదు. ఈ దేశం పరిధిలో ఉన్న ఇతర వ్యక్తులు ఎవరైనా అని కూడా రాశారు. పటేల్ కేసు నడిచింది ఆ మాట మీదే. హెచ్1బీ అయినా, స్టూడెంట్ వీసా అయినా, మనవణ్ని చూడటానికొచ్చిన తాత అయినా.

"పర్వాలేదే," అన్నాడు. "అయితే రేపు వాకింగ్‌కి పోవచ్చునా?"

కార్డు

ఇక్కడే మాకు గొడవైంది. నేను ఒక కార్డు తయారుచేశాను. ఇంగ్లీష్‌లో, పెద్ద అక్షరాలతో. నా పేరు ఇది, ఈ అడ్రస్‌లో మా అబ్బాయి ఇంటికొచ్చాను, నాకు తెలుగు మాత్రమే వచ్చు, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. ప్రింట్ తీసి లామినేట్ చేయించాను. జేబులో పెట్టుకోమన్నాను.

రాత్రి పడుకోబోతుంటే వెలిగింది. జేబులో కార్డు అంటే, పోలీసు ఆపినప్పుడు నాన్న చెయ్యి జేబులోకి వెళ్తుంది. మాడిసన్ పోలీసుల మొదటి ప్రకటనలో ఉన్న మాటే అది, చేతులు జేబుల్లో పెట్టుకోబోయాడు అని. లేచి వెళ్లి, నా కాన్ఫరెన్స్ బ్యాడ్జ్ తాడు వెతికి, కార్డుకి తగిలించాను. పొద్దున ఇస్తే నాన్న మొహం ఎర్రబడింది.

"మెడలో ఏసుకోవల్నా? ఎల్‌కేజీ పిల్లోని మాదిరా? నేను దొంగనా?"

"దొంగవి కాదు నాన్నా. వాళ్లకి తెలియదు కదా."

"తెలుసుకోవల్సింది వాళ్లా, నేనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆపితే పరుగెత్తొద్దు, చేతులు ముందుకి కనిపించేలా పెట్టు, వెనక్కి కట్టుకోవద్దు అని ఒక్కొక్కటీ చెప్తుంటే నాకే చిరాకేసింది. అరవై దాటిన మనిషికి నడవడం నేర్పిస్తున్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆ రోజు వాకింగ్ మానేశాడు. తర్వాతి రోజూ వెళ్లలేదు. పాపని ఎత్తుకుని హాల్లోనే అటూ ఇటూ తిరిగాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మూడో రోజు పొద్దున ఆరూ ఇరవైకి నా ఫోన్ మోగింది. డోర్‌బెల్ కెమెరా నోటిఫికేషన్. తెరిచి చూశాను. అదే మంకీ క్యాప్. అదే నల్ల హుడీ. నాన్న రెండు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరిగి కెమెరా దగ్గరికొచ్చాడు. హుడీ మెడ దగ్గర వేళ్లు పెట్టి, లోపల్నుంచి ఆ తాడు బయటికి లాగి, కార్డు లెన్స్‌కి ఆనించాడు. స్క్రీన్ నిండా మా ఇంటి అడ్రస్. కార్డు మళ్లీ లోపలికి తోసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, వీధి మలుపు తిరిగి వెళ్లిపోయాడు.